యాభై మెగాహెర్ట్జ్ మీద మా అన్నయ్య గొంతు

ముందే ఒక మాట. ఇది ఎవరో చెప్తే విన్నది కాదు. నా ఇంట్లో, నా టేబుల్ దగ్గర, నా చేత్తో నేను బటన్ నొక్కి పట్టుకుని ఉండగా జరిగింది. నేను బడిలో ఫిజిక్స్ చెప్తాను. చీకటంటే జడిసే పిల్లలకి "లైటు వేసి చూడండి, ఏమీ ఉండదు" అని ధైర్యం చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు నవ్వండి. నేను ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క దాచను. దాచాల్సింది కూడా ఇందులో ఉంది... అయినా చెప్తాను.

మా అన్నయ్య పేరు సూరిబాబు. మా నాన్న విజయనగరం దగ్గర పల్లె నుంచి ప్లాంటు ఉద్యోగానికి భిలాయ్ వచ్చాడు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం. అన్నయ్యకి పెద్ద ప్లాంటులో ఉద్యోగం దొరకలేదు. ఊరి బయట ఒక చిన్న ప్రైవేటు మిల్లులో క్రేన్ ఆపరేటర్‌గా చేరాడు. పాత ఇనుప తుక్కుని అయస్కాంతంతో పైకెత్తి, కరిగే కొలిమిలో వేయడం వాడి పని. కొలిమికి సరిగ్గా పైన, రేకుల కప్పు కింద వాడి క్యాబిన్. కింద షిఫ్ట్ ఇన్‌ఛార్జి వాకీటాకీలో చెప్తాడు. వాడు వింటాడు. వేస్తాడు.

తడి తుక్కు కొలిమిలో వేయకూడదు. ఇనుము కింద నీళ్ళు చిక్కుకుంటే ఒక్క క్షణంలో ఆవిరైపోయి, కరిగిన లోహాన్ని పైకి విసిరేస్తాయి. అది మా అన్నయ్యకి మాకంటే బాగా తెలుసు.

పదకొండేళ్ళ క్రితం, వాన పడుతున్న రాత్రి, అదే జరిగింది.

అన్నయ్య క్యాబిన్‌లోనే పోయాడు. కింద కొలిమి దగ్గర ఉన్న దినేశ్ అనే కార్మికుడు కూడా పోయాడు. విచారణలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి చెప్పిన మాట ఒక్కటే. "ఆపమని మూడుసార్లు చెప్పాను. సూరిబాబు వినిపించుకోలేదు." రేడియోలో మాట్లాడుకున్న మాటలకి రికార్డు ఉండదు కదా. విన్నవాళ్ళు ఇద్దరే. ఒకడు చచ్చిపోయాడు.

ఆ ఇన్‌ఛార్జి జోగారావు గారు. మా నాన్న స్నేహితుడు. నేను బాబాయ్ అని పిలుస్తాను.

మీకు వింతగా అనిపించవచ్చు... మేం ఆయన్ని నమ్మాం. పూర్తిగా నమ్మాం. ఆయన అబద్ధమాడతాడని మా ఇంట్లో ఎవరికీ ఊహలోకి కూడా రాలేదు. అన్నయ్యే తొందరపడ్డాడనుకున్నాం. మా అమ్మ అదే నమ్ముతూ పోయింది. దినేశ్ వాళ్ళ అమ్మ క్యాంప్ 2 అనే బస్తీలోనే, మా మంగ వదిన ఇంటికి రెండు సందుల అవతల ఉంటుంది. ఏటా ఆ తారీఖున వచ్చి వదిన గుమ్మం ముందు నిలబడేది. "తేరే ఆద్మీ నే మేరే బేటే కో ఖాయా" అని అరిచేది. నీ మొగుడు నా కొడుకుని మింగేశాడు అని. వదిన తలుపు మూసేది కాదు. తల దించుకుని గుమ్మంలోనే నిలబడి, ఆవిడ అలిసిపోయి వెళ్ళేదాకా వినేది. పదేళ్ళు... పది సార్లు.

జోగారావు బాబాయ్ మాత్రం అన్నయ్య పోయాక మా ఇంటికి రావడం ఎక్కువ చేశాడు. ఆయనకి అమెచ్యూర్ రేడియో లైసెన్స్ ఉంది. సరదాకి రేడియోలు కట్టి, దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడే పిచ్చి. నేను దిగులుగా ఉంటున్నానని ఆ పిచ్చి నాకూ అంటించాడు. సోల్డరింగ్ నేర్పాడు. మోర్స్ నేర్పాడు. దగ్గరుండి పరీక్ష రాయించాడు. నా కాల్ సైన్, అంటే రేడియోలో నా పేరు, వచ్చిన రోజు మరోదాలో వాళ్ళింటి నుంచి స్కూటర్ మీద మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. ఎంత మంచి మనిషి అనుకున్నాను. అలాగే అనుకుంటూ వచ్చాను... కిందటేడు జూన్ దాకా.

కిందటేడు వేసవిలో నేను ఆరు మీటర్ల బ్యాండ్ మీద పడ్డాను. యాభై మెగాహెర్ట్జ్. పాత టీవీ చానెళ్ళు తిరిగిన చోటుకి కాస్త కింద. మామూలు రోజుల్లో ఆ బ్యాండ్ చచ్చినట్టు పడి ఉంటుంది. మా చుట్టుపక్కల బాబాయ్, నేను తప్ప అక్కడ మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. కానీ మే, జూన్ నెలల్లో ఆకాశంలో చాలా పైన, మబ్బులకంటే ఎంతో పైన, ఒక పొర తయారవుతుంది. ఎప్పుడు వస్తుందో తెలియదు, ఎంతసేపుంటుందో తెలియదు. అది ఉన్నంతసేపూ వెయ్యి కిలోమీటర్ల అవతలి మాట పక్క గదిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. తర్వాత టక్కున పోతుంది. దానికోసమే కూర్చునేదాన్ని. పాత సెట్టు ఒకటి బాగుచేసి, డాబా మీద యాంటెన్నా కట్టి, రాత్రుళ్ళు హిస్... స్... మని ఆ రొద వింటూ పిల్లల కాపీలు దిద్దుకునేదాన్ని.

ఆ రాత్రి మా ఆయన నైట్ షిఫ్ట్‌కి వెళ్ళాడు. పదకొండు దాటింది. వాన ఇంకా మొదలవ్వలేదు. కూలర్ ఆపేశాను, దాని చప్పుడులో రేడియో వినపడదని. చెమటకి కాగితాలు చేతికి అంటుకుంటున్నాయి. కిటికీలోంచి చూస్తే ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడి, మళ్ళీ నల్లబడింది. స్లాగ్, అదే కొలిమిలో మిగిలే మడ్డి, పారబోసినట్టున్నారు. మాకది రోజూ ఉండేదే.

రొద ఆగింది.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. ఎఫ్ఎం సెట్టులో ఎవరూ మాట్లాడనప్పుడు హిస్‌మనే రొద ఉంటుంది. అవతల ఎవరైనా బటన్ నొక్కితే, మాట రాకముందే ఆ రొద పోతుంది. నిశ్శబ్దం తెరుచుకుంటుంది. ఎవరో గదిలోకి వచ్చి... ఇంకా నోరు విప్పనట్టు.

నేను పెన్ను కింద పెట్టాను.

ముందు వాన చప్పుడు. రేకుల మీద దబదబా పడే వాన. కిటికీ వైపు చూశాను. బయట చుక్క లేదు. వానకి వెనకాల సన్నగా, ఎడతెగకుండా ఒక గుయ్... మనే శబ్దం. తర్వాత ఎవరో చిన్నగా దగ్గారు.

"సార్... స్క్రాప్ తడిగా ఉన్నాది సార్."

సెట్టు మీదకి వంగాను.

"ఇంటన్నారా సార్? తడిగా ఉన్నాది. వెయ్యమంటారా?"

మళ్ళీ దగ్గు. మా అన్నయ్య ప్రతి మాటకీ ముందు అలాగే దగ్గేవాడు. అన్నం పెట్టమని అడగడానికి కూడా దగ్గేవాడు. అమ్మ విసుక్కునేది.

"వెయ్యమంటారా సార్?"

అంతే. రొద తిరిగొచ్చింది. నేను కదల్లేదు. మైకు నా చేతికి అందేంత దూరంలో ఉంది. తీసుకోలేకపోయాను. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను... మళ్ళీ రాలేదు.

పొద్దున్నే బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన మీద అనుమానంతో కాదు. రేడియో విషయం ఏదైనా నాకు ఆయనే దిక్కు. "పిచ్చిదానా, ఎక్కడిదో సిగ్నల్ ఎగిరొచ్చి ఉంటుంది" అంటాడనుకున్నాను. ఆ మాట కోసమే చేశాను.

"బాబాయ్, రాత్రి సిక్స్ మీటర్‌లో అన్నయ్య గొంతు విన్నాను" అన్నాను.

ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. అప్పుడు చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఏటన్నాడు?"

చూశారా... ఎవరైనా ఏమంటారు? నీకేమైనా పిచ్చా అంటారు. కలగన్నావా అంటారు. పోయినవాడి గొంతేమిటి అంటారు. ఈయన అవేవీ అనలేదు. ఏమన్నాడని అడిగాడు. తనకి సంబంధించినది ఏదో అన్నాడేమోనని భయపడ్డ మనిషి అడిగినట్టు అడిగాడు.

స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. నేను చూస్తూ నిలబడ్డాను.

"సరిగ్గా వినపడలేదు బాబాయ్" అన్నాను. నా జీవితంలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది. "సాయంత్రం రండి. మీరూ విందురుగాని."

"నాకేటి ఒంట్లో బాగోలేదమ్మా..."

"మీరు రాకపోతే వదినని పిలుస్తాను. ఆమె వింటుంది."

వస్తానన్నాడు.

ఆ రోజంతా బడిలో ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఒకటే ఆలోచన. పదేళ్ళు మా ఇంటి చుట్టూ తిరిగింది జాలితో కాదా? నాకు సోల్డరింగ్ నేర్పిన చెయ్యి... అదేనా? ఆలోచించేకొద్దీ దుఃఖం రాలేదు. కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. చల్లగా, స్థిరంగా... ఎక్కడికీ వెళ్ళనని కూర్చున్న కోపం.

ఎనిమిదిన్నరకి వచ్చాడు. మా ఆయన అప్పుడే షిఫ్ట్‌కి బయల్దేరుతున్నాడు. "బాబాయ్, ఈవిడకి పగలూ రాత్రీ ఇదే గోల, మీరే చెప్పండి" అని నవ్వి వెళ్ళిపోయాడు. బాబాయ్ నవ్వలేదు. కుర్చీ చివర కూర్చున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. ఆ సాయంత్రం గాలి కూడా లేదు.

సెట్టు రొద పెడుతూనే ఉంది. తొమ్మిదిన్నర... పది. మధ్యలో ఆయన వెనకవైపు వంగి వైర్లు చూశాడు. ఏ టేపురికార్డరైనా తగిలించానేమోనని వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. చూడనిచ్చాను.

"మిల్లులో మీ వాకీటాకీలు ఈ ఫ్రీక్వెన్సీ మీదే ఉండేవి కదా బాబాయ్?" అని అడిగాను.

"ఈ చుట్టుపక్కలే. వేలంలో కొన్న పాత సెట్లు. లైసెన్సూ లేదు, ఏటీ లేదు." గొంతు సవరించుకున్నాడు. "అప్పుడందరూ అలాగే వాడీవోరు."

"ఆ రాత్రి మూడుసార్లు ఆపమన్నారు కదా?"

"అదెందుకమ్మా ఇప్పుడు?"

"ఊరికే."

పదకొండు అయ్యింది. ఆయన లేచాడు. "పొద్దుపోయింది పద్మా. ఇంటికాడ కంగారు పడతారు. ఎల్తాను" అన్నాడు. చెప్పుల్లో కాలు పెట్టాడు.

రొద ఆగింది.

ఆయన చెప్పుల్లో కాలు అలాగే ఉండిపోయింది.

రేకుల మీద వాన. ఆ గుయ్... మనే శబ్దం. ఫిజిక్స్ చెప్పేదాన్ని, అది పెద్ద అయస్కాంతం మోగే మోత అని అప్పుడు తెలిసింది నాకు. బరువు ఎత్తుకుని గాల్లో వేలాడుతున్న అయస్కాంతం.

దగ్గు.

"సార్... స్క్రాప్ తడిగా ఉన్నాది సార్."

బాబాయ్ మొహంలో రంగు పోవడం నేను చూశాను. కింది పెదవి వేలాడిపోయింది. సెట్టు వైపు చూస్తూ, మనిషితో మాట్లాడినట్టు "సూరీ..." అన్నాడు. ఆ క్షణంలో నేను పేరు ఎత్తలేదు. ఇది వాడి గొంతేనా అని అడగలేదు. ఆయనే అన్నాడు.

"ఇంటన్నారా సార్? వెయ్యమంటారా?"

"ఆపీ... ఆపీ అమ్మా అది!" పవర్ సప్లై స్విచ్ మీదకి చెయ్యి చాచాడు. ఆ మణికట్టు పట్టుకున్నాను. సన్నటి ఎముక. నాకు అంత బలం ఎక్కడిదో తెలియదు.

"వాడు అడుగుతున్నాడు. జవాబివ్వండి."

"ఎవులో ఆడతన్నారమ్మా! ఎవులో కావాలని..."

"ఎవరైతే ఏంటి? ఆపమని మూడుసార్లు చెప్పారు కదా. ఇప్పుడు ఒక్కసారి చెప్పండి. చెప్పి వెళ్ళండి."

నోరు తెరిచాడు. చెయ్యి విడిపించుకోబోయాడు. సెట్టులో వాన పడుతూనే ఉంది. అవతల బటన్ వదల్లేదు. ఎదురు చూస్తున్నాడు... ఆ ఎదురుచూడటం వినపడుతోంది. మీకెలా చెప్పను? ఒక మనిషి చేతిలో పని పట్టుకుని పైవాడి మాట కోసం ఆగి ఉంటే, ఆ మౌనానికి కూడా చప్పుడుంటుంది.

బాబాయ్ కూలబడ్డాడు. కుర్చీలో కాదు, నేల మీద.

"నేనే వెయ్యమన్నాన్రా..." అన్నాడు. నాతో కాదు. "కొలిమిలో హీట్ చల్లారిపోతాదని... పైవోళ్ళు తిడతారని. ఆడు వొద్దన్నాడు. మూడుసార్లు ఆడే వొద్దన్నాడు. నేనే వెయ్యమన్నాను."

మూడుసార్లు చెప్పింది నిజమే. చెప్పింది అన్నయ్య.

అక్కడ ఆగిపోయి ఉండాల్సింది నేను. ఆ మాట నాకు చాలి ఉండాల్సింది. వదిన గుమ్మంలో తల దించుకుని నిలబడ్డ పది సంవత్సరాలు నా కళ్ళ ముందు తిరిగాయి. అమ్మ చివరి రోజుల్లో "ఎందుకురా అంత తొందర" అని గాల్లోకి అడిగిన మాట. ఈయన తెచ్చిన మిఠాయి డబ్బా. ఈయన కాళ్ళకి నేను పెట్టిన దండం.

మైకు తీసి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"అయితే అదే చెప్పండి."

"వొద్దమ్మా..."

"ఆ రాత్రి ఏం చెప్పారో అదే. అక్షరం మారకూడదు. వాడు వినాలి. నేను వినాలి."

"పద్మా, నీ కాళ్ళట్టుకుంటాను..."

అవతల ఒక్క క్షణం రొద వచ్చి, మళ్ళీ తెరుచుకుంది. దగ్గు. "సార్, వెయ్యమంటారా సార్?" ఆ గొంతులో ఈసారి కొంచెం విసుగు, కొంచెం భయం. అతను బటన్ వదిలాడు. రొద వచ్చింది. జవాబు కోసం వదిలాడు.

నేను బటన్ నొక్కాను. నా బొటనవేలితో నేనే. సెట్టు మీద ఎర్ర దీపం వెలిగింది.

"చెప్పండి!"

బాబాయ్ ఏడుస్తూ అన్నాడు. "వెయ్యి."

బటన్ వదిలాను.

రొద... రొద... ఎంతసేపో నాకు తెలియదు. మూడు సెకన్లో, నాలుగో. తర్వాత అది ఆగింది. వాన. మోత. మామూలుగా, పనిలో ఉన్న మనిషి అన్నట్టే అన్నాడతను.

"సరే సార్."

మోత ఆగిపోయింది. అయస్కాంతం వదిలేసింది. ఇనుము ఇనుము మీద పడే గలగల... చాలా కిందికి పడుతున్నట్టు. దాని తర్వాత ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు ఒక చప్పుడు. మనిషిది కాదు. అంత పెద్ద ఊపిరి మనిషికుండదు.

మధ్యలోనే తెగింది. హిస్... స్... స్.

ఆ రాత్రి ఇంకేమీ రాలేదు.

నాకప్పుడు ఎలా ఉందో నిజం చెప్తానన్నాను కదా. హాయిగా ఉంది. నేల మీద ముసలాయన వణుకుతున్నాడు. "కొంచెం మంచినీళ్ళివ్వమ్మా" అన్నాడు. ఇవ్వలేదు. కుండ మూడడుగుల దూరంలో ఉంది. ఇవ్వలేదు. నా కాపీల కట్టలోంచి తెల్ల కాగితం చింపి ఇచ్చాను. "రాయండి. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి. దినేశ్ వాళ్ళమ్మకి చదివి వినిపించాలి" అన్నాను.

రాశాడు. రెండు కాగితాల మీదా సంతకం పెట్టాడు. ఆయన స్కూటర్ స్టార్ట్ అవ్వడానికి చాలాసేపు పట్టింది. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. కిందికి దిగి సాయం చేయలేదు.

తెల్లారగానే క్యాంప్ 2 కి వెళ్ళాను. వదిన అప్పుడే నీళ్ళు పట్టుకుని వచ్చింది. కాగితాలు చేతికిచ్చి, జరిగినదంతా చెప్పాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. గెలిచి వచ్చినదానిలా చెప్పాను. వదిన ఏడుస్తుందనుకున్నాను. నన్ను పట్టుకుంటుందనుకున్నాను.

వదిన కాగితం రెండుసార్లు చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది. బిందె మీద మూత సరిచేసింది. అప్పుడడిగింది.

"మరి అడిగినోడికి వొద్దని ఎందుకు చెప్పించలేదు పద్మా?"

నాకర్థం కాలేదు.

"వెయ్యమంటారా అని అడిగేడు గదా. మూడు మాట్లు అడిగేడు. నీ చేతిలో మైకున్నాది. ఆయన నోరు నీ చేతిలో ఉన్నాది. వొద్దు అని ఒక్క ముక్క చెప్పించొచ్చు గదా. ఆ పూట చెప్పనోళ్ళు... ఈ పూటైనా చెప్పీవోరు."

"వదినా, అది అన్నయ్య... అన్నయ్య గొంతు. ఆ దగ్గు నాకు తెలియదా?"

"కొలిమికాడ పనిచేసినోళ్ళందరూ అలాగే దగ్గుతారు" అంది వదిన. "ఈ సందులో పొద్దున్నే ఇను. అందరూ మీ అన్నయ్యలే."

ఆమె నన్ను తిట్టలేదు. టీ పెట్టి ఇచ్చింది. అక్కడే మంచం మీద కూర్చున్నాను.

నేనే పిల్లలకి చెప్పే పాఠం నాకే గుర్తు రాలేదు చూడండి. జూన్ నెల. ఆరు మీటర్లు. వెయ్యి కిలోమీటర్ల అవతలి మాట పక్క గదిలోంచి వచ్చినట్టు వినిపిస్తుందని ఇందాక మీకు నేనే చెప్పాను. ఇక్కడ వాన లేదు. అక్కడ వాన పడుతోంది. వేలంలో కొన్న పాత సెట్లు ఇంకా ఏ చిన్న మిల్లులోనైనా ఉండొచ్చు. మా విజయనగరం యాసలో మాట్లాడే క్రేన్ ఆపరేటర్ లేని ఊరు ఏది? చెన్నై పక్కన లేడా, హైదరాబాద్ పక్కన లేడా? తడి తుక్కు గాల్లో పట్టుకుని, వేయాలా వద్దా అని తన పైవాడిని అడుగుతున్న మనిషి... బతికున్న మనిషి... అతనికి జవాబుగా మా ఇంట్లోంచి ఒక మాట వెళ్ళి ఉంటే?

కాదు, కాదనుకుంటాను. రెండు రాత్రులూ అవే మాటలు ఎలా వస్తాయి? అదే వరుసలో, అదే గొంతుతో? బాబాయ్ కూడా "సూరీ" అన్నాడే! తప్పు చేసిన మనిషికి ఏ గొంతైనా అలాగే వినిపిస్తుందేమో. కోపంగా ఉన్న మనిషికి కూడా అంతేనేమో. వానాకాలం మొదట్లో ఏ మిల్లులోనైనా రోజూ రాత్రి తడి తుక్కే ఉంటుంది. ఏ ఆపరేటరైనా రోజూ ఆ మాటే అడుగుతాడు.

తర్వాత వారం రోజులు తెలుగు పేపర్లు, హిందీ పేపర్లు, ఫోన్‌లో దొరికినవన్నీ వెతికాను. మిల్లులో పేలుడు, క్రేన్ ఆపరేటర్ మృతి... అలాంటి వార్త కనపడలేదు. కనపడలేదని సంతోషించబోయాను. మా అన్నయ్య పోయినప్పుడు కూడా ఏ పేపర్లోనూ రాలేదని గుర్తొచ్చింది.

అమెచ్యూర్ మిత్రులని అడిగాను, పూర్తిగా చెప్పకుండా. దుర్గ్‌లో ఒకాయన, "ఆ రెండు రాత్రులూ బ్యాండ్ తెరుచుకున్న మాట నిజమే దీదీ, నేనూ కొంచెం విన్నాను" అన్నాడు. ఏం విన్నారని అడిగితే, మాటలు తెలియలేదు, ఏదో సౌత్ భాష అన్నాడు. ఆ మాట నాకు ధైర్యమిచ్చిందో, ఉన్న ధైర్యం తీసేసిందో చెప్పలేను.

వదిన ఆ హిందీ కాగితం తీసుకుని తనే దినేశ్ వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళింది. నన్ను రావద్దంది. ఆవిడ అంతా విన్నదట. తర్వాత "ఉస్‌కా ఘర్ కహాఁ హై?" అని మాత్రం అడిగిందట. ఆయన ఇల్లెక్కడ అని. వదిన చెప్పింది. ఈ ఏడు ఆ తారీఖున వదిన గుమ్మం ముందుకి ఎవరూ రాలేదు. మరోదాలో జోగారావు గారి గేటు ముందు తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా ఒక ముసలావిడ నిలబడిందని విన్నాను. అరవలేదట. ఊరికే నిలబడిందట. ఆయన తలుపు తీయలేదు. డాబా మీద యాంటెన్నా మాత్రం దింపేశాడు.

జాలి పడాలేమో. నాకింకా రావడం లేదు.

నేను యాంటెన్నా దింపలేదు. వాన వచ్చేలా ఉన్న రాత్రుల్లో ఆ ఫ్రీక్వెన్సీ మీద కూర్చుంటున్నాను. కాల్ సైన్ చెప్పి, తెలుగులో, నిదానంగా అంటాను. "తడిగా ఉంటే వెయ్యకండి. ఎవరు చెప్పినా వెయ్యకండి." రొద. మళ్ళీ అంటాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి పడుకుంటాడు.

ఏడాది దాటింది. ఎవరూ పలకలేదు. ఆ రాత్రి నేను బటన్ నొక్కి జవాబు చెప్పించింది ఎవరికో... చచ్చిపోయిన మా అన్నయ్యకో, అప్పటిదాకా బతికే ఉన్న ఇంకెవరికో... ఇప్పటికీ నాకు తెలియదు.